నెట్రిన్‌లో ఉన్నది ఏ ‘నేత’?

లలిత: పిండం మెదడులో నాడీకణాలు ఒకదానితో ఒకటి కలిసేందుకు తోడ్పడే ప్రోటీన్ నెట్రిన్. అనువాదం కోసం అడుగుతున్నాను, ఈ పేరు సంస్కృతం నుంచి వచ్చిందంటారు. నేత్రమా, నేతా? చేసే పని అల్లికే కాబట్టి మన మగ్గం నేత కూడా కుదిరేలా ఉందే!

సుబ్రహ్మణ్యం: కుదిరినా అది కాదండి. మగ్గం నేత ‘నేయు’ నుంచి వచ్చిన తెలుగు మాట. నెట్రిన్‌కు మూలం ‘నేతృ’, అంటే దారి చూపేవాడు. ధాతువు ‘నీ’. నేత్రం, నాయకుడు, వినయం దాని సంతానమే. ఇంగ్లీషు ‘నెట్’తో చుట్టరికం లేదు. 1994లో కోడి పిండాల మెదళ్ల నుంచి దీన్ని వేరుచేసిన మార్క్ టెస్సియే-లవీన్ బృందం తెలిసే పెట్టిన పేరు.

లలిత: దారి చూపేది ఎవరికి?

రమణి: ఆక్సాన్‌కు, అంటే నాడీకణం నుంచి సాగే పొడవాటి తీగకు. వెన్నుపాములో వీపువైపు పుట్టే కొన్ని కణాల ఆక్సాన్లు పొట్టవైపు దిగి, నడిమి గీత దాటి అవతలి పక్కకు పోవాలి. ఆక్సాన్ కొసన ముందుకు పెరిగే భాగం, గ్రోత్ కోన్ ఉంటుంది (1890లో స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ దాన్ని చూసింది కూడా కోడి పిండంలోనే). దాని అంచున సన్నటి పోగులు చాచుకుంటూ ముడుచుకుంటూ ఉంటాయి. అక్కడ సంకేతాన్ని అందుకునే డీసీసీ అనే గ్రాహకానికి నెట్రిన్ తగిలిన వైపు కణానికి ఆకారమిచ్చే ఆక్టిన్ పోగులు పెరుగుతాయి, వెనకే సన్నటి గొట్టాల్లాంటి మైక్రోట్యూబ్యూల్స్ వచ్చి ఆ మలుపును ఖాయం చేస్తాయి. దాటాక కూడా నెట్రిన్ లాగుతూనే ఉంటే గీత దగ్గరే చిక్కుకుపోదూ? అందుకే అప్పుడు రోబో అనే మరో గ్రాహకం పనిలోకి దిగుతుంది, గీత దగ్గరి స్లిట్ ప్రోటీన్ దాని ద్వారా ఆక్సాన్‌ను అవతలికి నెడుతుంది. రోబో లోపించిన ఈగల్లో ఆక్సాన్లు గీతను మళ్లీ మళ్లీ దాటుతూ గుండ్రంగా తిరుగుతాయి. రోబోకు ‘రౌండబౌట్’ అన్న పూర్తి పేరు అందుకే.

సుబ్రహ్మణ్యం: అయితే ‘ఆకర్షకం’ అని అనువదిస్తే తప్పేనా?

రమణి: తప్పే. అన్‌క్5 గ్రాహకం ఉన్న ఆక్సాన్‌ను ఇదే నెట్రిన్ తరిమేస్తుంది. ‘నీ’లో ఉన్నది నడపడమే కాబట్టి పేరు రెండింటికీ సరిపోయింది. గమ్యంలో కూర్చుని పిలిచే నేత అన్న ఊహకు మాత్రం 2017లో గండి పడింది. ఎలుక పిండాల వెనుక మెదడులో నడిమి గీత దగ్గరి ఫ్లోర్ ప్లేట్ అనే భాగం ఒక్కదాని నుంచే నెట్రిన్ తీసేస్తే ఆక్సాన్లు గీతను మామూలుగానే చేరాయి. నాడీకణాలను పుట్టించే జనక కణాలు దారి పొడవునా అందించే నెట్రిన్ వాటికి చాలింది.

లలిత: మనుషుల్లో ఈ ఏర్పాటు చెడితే?

రమణి: డీసీసీ జన్యువులో మార్పు ఉన్న కొందరికి కుడిచేతి వేళ్లు కదిపితే ఎడమచేతివీ వాటంతట అవే కదులుతాయి. అవతలికి పోవాల్సిన నాడీమార్గాలు సరిగ్గా దాటకపోవడమే కారణం.

సుబ్రహ్మణ్యం: లలితగారూ, ‘నేత్రిన్’ అని మాత్రం రాయకండి, కంటి ప్రోటీన్ అనుకుంటారు. ‘నెట్రిన్’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘దారి చూపే ప్రోటీన్’ అని చేర్చండి.