డాలియా దుంపలు ముడుచుకుపోతున్నాయి, ఏం చేయాలి?

పోయిన చలికాలం డాలియా దుంపలు ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి పెడితే సగం కుళ్లిపోయాయి, అందుకని ఈసారి తడి అంటేనే భయమేసి అంతా పొడిగా చేశాను. మొదటి మంచుకి ఆకులు నల్లబడ్డాక కాడలు ఓ 10 సెంటీమీటర్లు ఉంచి కోసి, దుంపలు తవ్వి కడిగి, 3 రోజులు నీడలో ఆరబెట్టి, అట్టపెట్టెలో పొడి కొబ్బరి పొట్టు మధ్య పెట్టాను. గదిలో 6 నుంచి 8 డిగ్రీలు ఉంటోంది.

6 వారాలకే చిన్నవి శొంఠికొమ్ముల్లా అయిపోయాయి. పెద్దవి నొక్కితే కాస్త మెత్తగా ఉన్నాయి గానీ బూజు లేదు, వాసనా లేదు, మెడ దగ్గర మొలక కన్ను కూడా బాగానే ఉంది. 10 రోజుల కిందట పొట్టు మీద నీళ్లు చిలకరించా, తేడా ఏమీ లేదు.

నాటడానికి ఇంకా రెండున్నర నెలలుంది. ఇప్పుడు పొట్టు మొత్తం తడిపి మళ్లీ పెట్టాలా, ఇలాగే వదిలేయాలా?