ముఖం పీక్కుపోయింది, పొట్ట పెరుగుతోంది: హెచ్ఐవీ మందుల వల్లేనా?

2008 నుంచి హెచ్ఐవీ మందులు వాడుతున్నాను. మొదట్లో ఇచ్చిన స్టావుడిన్‌తో బుగ్గలు లోపలికి పోయాయి, కాళ్లూ చేతులూ సన్నబడి నరాలు తేలాయి. మందు మార్చినా ఆ కొవ్వు పూర్తిగా తిరిగి రాలేదు. ఇప్పుడు డోలుటెగ్రావిర్ ఉన్న మాత్ర వేసుకుంటున్నాను. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే లెక్క) పరీక్షలో కనిపించనంత తక్కువ. అయినా రెండేళ్లలో 7 కిలోలు పెరిగాను, అంతా పొట్ట చుట్టూనే. గట్టిగా ఉంటుంది, చేత్తో పట్టుకుంటే దొరకదు. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు లాంటి స్పందన) ఉందేమో చూపే సీఆర్‌పీ రక్తపరీక్షలో కూడా ఎక్కువే వచ్చింది. వైరస్ అణిగి ఉన్నా లోపల ఇన్‌ఫ్లమేషన్ కొనసాగుతుందని, అది గుండెకు ముప్పని చదివినప్పటి నుంచి చాలా టెన్షన్‌గా ఉంది. 2023లో వెలువడిన రిప్రీవ్ అనే అధ్యయనంలో, హెచ్ఐవీ ఉన్నవాళ్లకు పిటావాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మందు ఆ గుండె ముప్పును తగ్గించిందట. మీలో ఎవరైనా వాడుతున్నారా? వ్యాయామంతో ఇలాంటి పొట్ట తగ్గినవాళ్లున్నారా? హెచ్ఐవీ మాత్ర మాత్రం ఒక్క రోజూ మానను. డాక్టర్‌ని ఏ పరీక్షలు అడగాలో దయచేసి చెప్పండి.