రికార్డెడ్ క్లాసులు 2ఎక్స్ (రెట్టింపు) స్పీడులో చూస్తే బుర్రకెక్కుతుందా?

రాత్రిపక్షి: మాకు వీడియోలు, క్విజ్‌లు, అసైన్‌మెంట్లు అన్నీ మూడిల్‌లోనే (ఆన్‌లైన్ క్లాసులు నడిపే సాఫ్ట్‌వేర్) పెడతారు. సెమిస్టరంతా ఊరుకుని పరీక్షకు వారం ముందు 40 లెక్చర్లు 2ఎక్స్‌లో లాగించేస్తాను, చూస్తున్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది, పేపర్ చేతికొచ్చాక ఒక్క ముక్క గుర్తురాదు. మీరెలా చదువుతున్నారు?

పాతబెంచి: తప్పు స్పీడుది కాదు బ్రో. చూడటమే చదవడం అనుకుంటున్నావు. వీడియో ఆపి, అప్పటిదాకా ఏం చెప్పారో చూడకుండా కాగితం మీద రాయి. 2006లో రోడిగర్, కార్పికీ అనే సైకాలజిస్టులు చేసిన ప్రయోగంలో 5 నిమిషాలకే పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ముందున్నారు, వారం తర్వాత పెడితే మాత్రం తమని తాము పరీక్షించుకున్నవాళ్లకే ఎక్కువ గుర్తుంది.

క్విజ్‌రాణి: క్విజ్ కూడా చివరి రోజు పక్కవాళ్ల జవాబులు చూసి కొట్టేస్తే దండగే (నేనూ చేశాన్లే). ఇప్పుడు మార్కులతో పని లేకుండా ఇంకోసారి రాస్తున్నా, మా సార్ అటెంప్ట్‌లకు లిమిట్ పెట్టలేదు.

రాత్రిపక్షి: మరి కోర్సెరా, ఎడెక్స్ లాంటి ఆన్‌లైన్ కోర్సుల సైట్లు? మూడు కోర్సులు మొదలుపెట్టి మూడూ వదిలేశాను.

పాతబెంచి: 2012లో అవి రెండూ వచ్చినప్పటి నుంచీ అంతే, చేరేవాళ్లు ఎక్కువ, పూర్తిచేసేవాళ్లు తక్కువ. నీకు అర్థంకాని చాప్టర్ ఒక్కటీ చూసి వచ్చెయ్.