0-4 ఎల్ క్లాసికో: గెలిపించింది ఫ్లిక్ హై లైనా, ఆఫ్‌సైడ్ గీతలు గీసే మిషనా?

కూలే కాకినాడ:
2024 అక్టోబర్ 26, మాడ్రిడ్ సొంత మైదానం బెర్నబావు. స్పెయిన్ ఫుట్‌బాల్ లీగ్ లా లిగాలో మాడ్రిడ్ 0, బార్సిలోనా 4. ఎల్ క్లాసికో అంటే ఈ రెండు టీముల మ్యాచే. ఈ మ్యాచ్ మాట వస్తే చాలు, "లక్కు" అనేవాళ్లు ఇంకా ఉన్నారిక్కడ. మాడ్రిడ్ 12 సార్లు ఆఫ్‌సైడ్ (పాస్ ఇచ్చే క్షణానికే ప్రత్యర్థి చివరి డిఫెండర్‌ని దాటి ఉండటం), అందులో ఎంబాపే ఒక్కడే 8 సార్లు. ఒకటో రెండో అయితే లక్కనొచ్చు. పన్నెండా? అది బార్సా కోచ్ ఫ్లిక్ హై లైన్ పని, అంటే డిఫెండర్లని సొంత గోల్ దగ్గర కాకుండా బాగా పైకి నిలబెట్టడం.

సైడ్‌లైన్ రావు:
ఎంబాపే రెండుసార్లు బంతిని వలలో వేశాడు, రెండూ రద్దయ్యాయి. ఫస్టాఫ్‌లో బార్సా గోల్‌కీపర్ పేన్యా మీదుగా లేపి వేసినది గుర్తుందా? అప్పటికి స్కోరు 0-0. అది గోలై ఉంటే ఇవాళ మీరు త్రెడ్ పెట్టేవారే కాదు. తలుపు బార్లా తీసిపెట్టి, కుక్క మొరుగుతుందిలే అని పడుకోవడాన్ని ప్లాన్ అనరు. బార్సా జర్మన్ టీమ్ బేయర్న్ మీద 4-1 గెలిచినప్పుడు ఇదే చెప్తే నన్ను మాడ్రిడ్ ఏజెంట్ అన్నారు. ఎవరన్నారో వాళ్లకి తెలుసు.

నిద్రలేని బంతి:
రాత్రి పన్నెండున్నరకి లేచి చూసిన మ్యాచ్ అది. మళ్లీ మొదలెట్టారా బాబూ 😂

కూలే కాకినాడ:
రావు గారూ, "అయి ఉంటే" అన్నది పక్కన పెట్టి, ఎందుకు కాలేదో చూద్దాం. లైన్ ముందుకు రావాలా, వెనక్కి పోవాలా అన్నది బంతి దగ్గరున్నవాణ్ణి బట్టి ఉంటుంది. వాడి తల కిందికి ఉన్నా, వీపు మనవైపు ఉన్నా, వెనక్కి పాస్ ఇచ్చినా నలుగురూ ఒకేసారి పైకి రావాలి. వాడు తలెత్తి తీరిగ్గా చూస్తున్నాడంటే నలుగురూ తిరిగి వెనక్కి పరుగెత్తాలి. ఆఫ్‌సైడ్ లెక్క పాస్ ఇచ్చేవాడి కాలు బంతిని తాకిన క్షణానిది కాబట్టి, వాడు కాలు వెనక్కి తీసిన ఆ అర సెకనులో ఒక్క అడుగు ముందుకేస్తే చాలు. బార్సా డిఫెండర్లు కుబార్సీ, ఇన్యిగో మార్తినెస్ ఆ రాత్రి చేసింది అదే. పాస్ ఇచ్చేవాడి మీద రఫీన్యా, ఫెర్మిన్, లెవన్‌డౌస్కీ పడబట్టే పాస్ అర సెకను లేటయింది. ఎంబాపే అప్పటికే దాటేసి ఉన్నాడు.

తెల్లజెర్సీ:
మాడ్రిడ్ ఫ్యాన్‌గా చెప్తున్నా, మావాళ్లు ఆడిందే తప్పు. వినిసియస్, ఎంబాపే ఇద్దరూ చివరి లైన్ మీదే నిలబడి నేరుగా పరుగు తీశారు. హై లైన్‌కి విరుగుడు అందరికీ తెలిసిందే. ఒకడు కిందికొచ్చి బంతి అందుకుని ఒక్క టచ్‌లో వెనక్కి ఇవ్వాలి, మూడోవాడు మిడ్‌ఫీల్డ్ నుంచి దూసుకుపోవాలి. పాస్ ఇచ్చే క్షణానికి సొంత హాఫ్‌లో ఉన్నవాడికి ఆఫ్‌సైడే లేదు. అంత పైన నిలబడ్డ లైన్ మీద అదే వాడుకోవాలి. మా మిడ్‌ఫీల్డర్ బెల్లింగ్‌హామ్‌తో ఆ పరుగులు ఎన్ని తీయించారు? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

సైడ్‌లైన్ రావు:
అదే కదా నేనంటున్నది. ప్రత్యర్థి తెలివితక్కువగా ఆడితేనే పనిచేసే లైన్ అది. 2025 మే 11న అదే ఎంబాపే అదే బార్సా మీద మూడు కొట్టాడు. చాంపియన్స్ లీగ్ సెమీస్‌లో ఇటలీ టీమ్ ఇంటర్ రెండు లెగ్స్‌లో (రెండు మ్యాచ్‌ల్లో) ఏడు వేసింది.

కూలే కాకినాడ:
మే 11న ఆ మూడిట్లో ఒకటి పెనాల్టీ, మ్యాచ్ మాత్రం 4-3తో మాదే. ఇంటర్ ఏడిట్లో రెండు కార్నర్ల నుంచి, ఒకటి పెనాల్టీ. కార్నర్‌కి హై లైన్‌తో ఏం సంబంధం? పైగా ఫస్ట్ లెగ్‌లో మ్ఖితార్యన్ వేసిన గోల్ ఆఫ్‌సైడ్‌గా పోయింది. దాన్ని మర్చిపోయారేం?

సైడ్‌లైన్ రావు:
మర్చిపోలేదు, నా మాటకి అదే సాక్ష్యం! బూటు ముందుభాగమంత తేడా. ఏ లైన్స్‌మన్ కంటికి ఆనుతుంది? లా లిగాలో సెమీ ఆటోమేటెడ్ ఆఫ్‌సైడ్ (కెమెరాలతో మిషన్ గీత గీసే పద్ధతి) వచ్చింది 2024-25 సీజన్‌లోనే, ఫ్లిక్ వచ్చిందీ అప్పుడే. మిషన్ లేకపోతే ఈ లైన్ ఒక నెల నిలవదు.

తెల్లజెర్సీ:
1989 ఏప్రిల్‌లో కోచ్ సాక్కీ నడిపిన మిలాన్ మా మాడ్రిడ్‌ని 5-0తో చితక్కొట్టింది. అప్పుడు ఏ మిషన్ ఉంది? వాళ్లదీ ఆఫ్‌సైడ్ ట్రాపే, లైన్ పైకి తెచ్చి ప్రత్యర్థిని ఆఫ్‌సైడ్‌లో ఇరికించడమే. మొదటి గోల్ కొట్టిందెవరో తెలుసా? అంచెలొట్టి. 0-4 రాత్రి కోచ్‌గా మా బెంచ్ మీద కూర్చున్నదీ ఆయనే. ఆ ట్రాప్ లోపలినుంచి తెలిసిన మనిషి ఆ రాత్రి ఏం చేశాడన్నది నా బాధ.

సైడ్‌లైన్ రావు:
1989లో డిఫెండర్‌తో సమానంగా నిలబడినా ఆఫ్‌సైడే. 1990లో రూల్ మార్చారు. పోలిక కుదరదు.

గోల్‌కిక్ గోపి:
ఇద్దరూ సెకండ్ హాఫ్‌ని గాలికొదిలేశారు. ఆఫ్‌సైడ్‌లు మ్యాచ్‌ని 0-0 దగ్గర ఆపాయి, అంతే. గెలిపించింది హాఫ్ టైమ్‌లో ఫెర్మిన్‌ని తీసి డి యోంగ్‌ని దింపడం. అతను కాసాదో పక్కన నిలబడ్డాక పెద్రి పైకెళ్లాడు, బంతి బార్సా కాళ్ల దగ్గర ఆగడం మొదలైంది. 54లో కాసాదో పాస్, లెవన్‌డౌస్కీ గోల్. 56లో బల్దే క్రాస్, మళ్లీ లెవన్‌డౌస్కీ తల. మొదటి గోల్ ఆపి చూడండి: మిగతావాళ్లు పైకొస్తే మాడ్రిడ్ డిఫెండర్ మెండీ ఒక్కడు వెనక ఉండిపోయి లెవన్‌డౌస్కీని ఆన్‌సైడ్ చేశాడు. లైన్ అన్నది అందరికన్నా వెనకున్నవాడి దగ్గర ఉంటుంది. బార్సాలో ఆ వెనకబడినవాడు ఆ రాత్రి లేడు, తేడా అక్కడే.

నిద్రలేని బంతి:
నాలుగోది కూడా చెప్పు అన్నా. ఇన్యిగో పొడుగు బంతి, రఫీన్యా మాడ్రిడ్ గోల్‌కీపర్ లునిన్ మీదుగా చిప్. హై లైన్ వెనక గోల్ ఎలా వేయాలో మాడ్రిడ్‌కి బార్సానే చూపించింది 😂

సైడ్‌లైన్ రావు:
నవ్వండి. గోపీ, కాసాదో ఆ పాస్ ఇచ్చినప్పుడు మీద ఎవడూ పడలేదు. మాడ్రిడ్ ప్రెస్ చేయలేదు. దానికి ఫ్లిక్ గొప్పేంటి?

కూలే కాకినాడ:
గొప్పంతా అందులోనే ఉంది సార్! ప్రెస్ చేయకుండా లైన్ పైకి తెస్తే ఏమవుతుందో మాడ్రిడ్ చేసి చూపించింది. మీరు డిఫెన్స్ అంటే ఇప్పటికీ కాలు అడ్డం పెట్టడమే అనుకుంటున్నారు. ట్యాకిల్ కనిపిస్తే చప్పట్లు, ఫ్లాగ్ లేస్తే లక్కు.

సైడ్‌లైన్ రావు:
నోరు జాగ్రత్త. అసలు మాటే చెప్తా వినండి. డిఫెన్స్ పని గోల్ పడకుండా చూడటం. మ్యాచ్‌కి మూడుసార్లు గోల్‌కీపర్‌ని ఒంటరిగా వదిలేసే టీమ్ 4-0 గెలిచినా దాన్ని నేను మంచి డిఫెన్స్ అనను. మీకు నాలుగు కొడితే మూడు పడినా ఓకే. నాకు కాదు.

కూలే కాకినాడ:
అవును, ఓకే. ఇన్ని పోస్టుల తర్వాత ఇప్పటికి విషయంలోకొచ్చారు. ఆ సీజన్ లీగ్‌లో బార్సా 102 కొట్టింది, 39 తిన్నది, టైటిల్ తెచ్చుకుంది. లైన్‌ని పదిహేను మీటర్లు వెనక్కి జరపండి, తినేవి కొన్ని తగ్గుతాయి, ఒప్పుకుంటా. కానీ బంతి దొరికేది సొంత బాక్స్ దగ్గర. అక్కణ్నుంచి ముందున్న యమాల్ వరకు ఎవరు మోస్తారు? ఆ 102 ఎక్కడినుంచి వస్తాయి?

సైడ్‌లైన్ రావు:
పదిహేను ఎవడడిగాడు? ఐదు చాలు. ఇంటర్‌తో సెమీస్ సెకండ్ లెగ్‌లో 93వ నిమిషం దాకా 3-2తో ముందుండి, అప్పుడు కూడా వెనక్కి జరగకపోతే అది ధైర్యం కాదు.

గోల్‌కిక్ గోపి:
ఆ 93వ నిమిషంలో ఇంటర్ ఆటగాడు అచెర్బీ వేసిన గోల్ డంఫ్రీస్ క్రాస్ నుంచి వచ్చింది. అప్పటికి బార్సా డిఫెండర్లు సొంత బాక్స్‌లోనే ఉన్నారు రావు గారూ. వీడియో మళ్లీ చూసి చెప్పండి.