ఫెయిలైన బోర్డును ప్రోగ్రామే మళ్ళీ మళ్ళీ కొలవొచ్చా?

కొత్త_టెస్టర్: పైథాన్ ఈమధ్యే నేర్చుకున్నాను. మా బోర్డులో 3.3 వోల్టుల సప్లై కొలిచే ప్రోగ్రామ్ రాశాను. రీడింగ్ 3.20కీ 3.40కీ మధ్య ఉంటే పాస్. లేకపోతే వెంటనే ఫెయిల్ అనకుండా మూడుసార్ల వరకు కొలిచే ఫర్ లూప్ పెట్టాను. ఏ ఒక్కసారి లిమిట్‌లోకి వచ్చినా బ్రేక్ (లూప్ అక్కడే ఆగిపోతుంది), పాస్. మా సీనియర్ చూసి "ఆ లూప్ తీసెయ్" అన్నారు. ఎందుకో చెప్పలేదు. ఇందులో తప్పేముంది?

మల్టీమీటర్_మామ: తప్పంతా అందులోనే ఉంది బాబూ. సరిగ్గా 3.20 అంచు మీద ఉన్న బోర్డు ఒకటి అనుకో. కొలిచిన ప్రతిసారీ పాసయ్యే అవకాశం సగం, ఫెయిలయ్యే అవకాశం సగం. ఒక్కసారే కొలిస్తే అలాంటి వాటిలో సగం ఆగిపోతాయి. నీ లూప్‌లో మూడుసార్లూ ఫెయిలైతేనే ఆగుతుంది. దాని అవకాశం సగంలో సగంలో సగం, అంటే ఎనిమిదో వంతు. మిగతా 87.5 శాతం పాస్. అంటే లిమిట్ 3.20 అని కాగితం మీద ఉంది, నీ కోడ్‌లో లేదు. మీ సీనియర్ చెప్పింది విను.

ఫర్‌లూప్_ఫణి: లెక్క బాగుంది. కానీ మంచి బెంచ్ మీటర్‌లో ఈ స్థాయి వోల్టేజీకి నాయిస్ (రీడింగ్ దానంతటదే ఊగడం) మైక్రోవోల్టుల్లో ఉంటుంది. రెండో దశాంశ స్థానం ప్రతిసారీ మారుతోందంటే అది నాయిస్ కాదు, ఫిక్స్చర్ (బోర్డును పెట్టి కొలిచే అమరిక) పిన్ సరిగ్గా తగలడం లేదు. స్ప్రింగ్ పిన్ మొదటి నొక్కుకి తగలకపోతే బోర్డుది తప్పా? లైన్ మీద నిలబడి చూసినవాళ్ళకి తెలుస్తుంది. మీరు రీట్రై, అంటే మళ్ళీ కొలవడం, తీసేస్తే ఆపరేటర్ ఏం చేస్తాడు? మూత ఎత్తి, బోర్డు కాస్త సర్ది, మళ్ళీ స్టార్ట్ నొక్కుతాడు. అదీ రీట్రైనే. కాకపోతే ఎన్నిసార్లు నొక్కాడో ఎవరికీ తెలియదు.

సోల్డర్_పిచ్చి: మీటర్ జవాబివ్వకపోతే రీట్రై. జవాబొచ్చి అది లిమిట్ దాటితే ఫెయిల్. ఇంతే కదా?

మల్టీమీటర్_మామ: ఫణీ, మీటర్ ఇన్‌పుట్ 10 మెగాఓమ్‌లు, అంటే కోటి ఓమ్‌లు. పిన్ దగ్గర ఒక ఓమ్ పెరిగితే రీడింగ్ మారుతుందా? బేసిక్స్.

ఫర్‌లూప్_ఫణి: బేసిక్సే మాట్లాడదాం. లోడ్‌కీ (సప్లై నుంచి కరెంటు లాగేది) మీటర్‌కీ ఒకే పిన్ వాడిన ఫిక్స్చర్లు ఎన్ని లేవు? లోడ్ 100 మిల్లీఆంపులు, పిన్ దగ్గర ఒక ఓమ్. అక్కడే 100 మిల్లీవోల్టులు పోయాయి. 3.28 ఉన్న మంచి బోర్డు 3.18 చూపించి ఫెయిలవుతుంది.

మల్టీమీటర్_మామ: అయితే కొలవడానికి వేరే పిన్ పెట్టించండి. జబ్బు ఫిక్స్చర్‌కైతే మందు ప్రోగ్రామ్‌కి వేస్తారా?

ఫర్‌లూప్_ఫణి: పెట్టించండి అనడం తేలికే. కొత్త ఫిక్స్చర్‌కి ఎవరు ఒప్పుకుంటారు?

బిట్_బైట్: అసలు పాయింట్ ఎవరూ అడగలేదు. పోలిక ఎలా రాశారు? దశాంశ సంఖ్యలకి రెండు సమాన గుర్తులు వాడకూడదు. పైథాన్‌లో 0.1, 0.2 కలిపి 0.3కి సమానమా అని అడిగితే కాదంటుంది.

కొత్త_టెస్టర్: నేను కింది లిమిట్, పై లిమిట్ రెండూ పెట్టే పోల్చానండి. సమానం ఎక్కడా వాడలేదు.

బిట్_బైట్: అయినా సరే, జాగ్రత్త.

మల్టీమీటర్_మామ: రిలే (బోర్డుకి కరెంటు ఇచ్చే స్విచ్) వేశాక ఎంతసేపు ఆగి కొలుస్తున్నావు? సప్లై ఇంకా పైకి వస్తుండగానే కొలిస్తే మొదటిది తక్కువే వస్తుంది. అప్పుడు నీ రీట్రై చేస్తున్న పని కాస్త ఆగడమే. దాన్ని ఆగడం అనే రాయి.

ఫర్‌లూప్_ఫణి: చూశారా, ఆయనే ఒప్పుకున్నారు, రీట్రై పనిచేస్తుందని.

మల్టీమీటర్_మామ: నేనేం ఒప్పుకోలేదు. ఇలాంటి కోడ్ నా నెత్తిన ఏం తెచ్చిందో చెప్తా వినండి. పాత కంపెనీలో మీలాంటి తెలివైనవాడే ఒకడు రాశాడు. ట్రై, ఎక్సెప్ట్, పాస్. అంటే ఎర్రర్ వస్తే ఏమీ చేయకుండా ముందుకెళ్ళిపో అని. మీటర్ రీడింగ్ దాచే వేరియబుల్ లూప్ బయట. ఒకరోజు మీటర్ కేబుల్ వదులైంది. ప్రతిసారీ టైమౌట్, ప్రతిసారీ ఎర్రర్‌ని నోరు మూయించడం. వేరియబుల్‌లో ముందు బోర్డు విలువ 3.31 అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత వచ్చిన బోర్డులన్నీ 3.31తో పాస్. చివరి అంకె వరకు అచ్చం అదే, ఎవరూ చూడలేదు. సరుకు వెనక్కి వచ్చాక మెమో ఎవరికి వచ్చింది? రిపోర్ట్ మీద సంతకం ఉన్న నాకు. రాసినవాడు అప్పటికే వేరే ఉద్యోగంలో ఉన్నాడు.

సోల్డర్_పిచ్చి: అది రీట్రై తప్పు కాదు కదా మామా. కొలిచే ముందు వేరియబుల్ ఖాళీ చేయకపోవడం తప్పు.

మల్టీమీటర్_మామ: ఫెయిల్‌ని ఒప్పుకోలేని బుద్ధి రెండింటికీ ఒకటే.

ఫర్‌లూప్_ఫణి: మీ మెమో కథ ఈ అబ్బాయి మీద రుద్దకండి. నా సంగతీ వినండి. మంచి బోర్డులు ఫెయిలై బుట్ట నిండితే సాయంత్రం మీటింగులో నిలబెట్టేది నన్ను. "టెస్ట్ వాళ్ళు ఫెయిల్ అన్నారు" అంటే ఎవరూ వినరు. మీలాంటివాళ్ళు లిమిట్ రాసి వెళ్ళిపోతారు. ఆ లిమిట్‌తో బతకాల్సింది మేము. సంతకం మీది, టార్గెట్ మాది.

మల్టీమీటర్_మామ: ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. బోర్డు వెళ్ళొచ్చా వద్దా అనేది మీ టార్గెట్ నిర్ణయిస్తుందన్నమాట.

ఫర్‌లూప్_ఫణి: మరి ఎవరు నిర్ణయించాలి? మీ ఒక్కరేనా? రీట్రై ఉండాలా, ఎన్నిసార్లు, ఏ ఫెయిల్‌కి, ఇవి ఇద్దరం కూర్చుని రాసుకోవాల్సినవి. మీరు కూర్చోరు. అందుకే లూప్‌లో దూరుతున్నాయి.

మల్టీమీటర్_మామ: పిలిస్తే కదా కూర్చునేది. కోడ్ మారిందని నాకు తెలిసేది సరుకు వెనక్కి వచ్చాకే.

బిట్_బైట్: వెర్షన్ కంట్రోల్ (కోడ్‌లో ఎవరు ఏం మార్చారో గుర్తుపెట్టేది) వాడరా మీరు?

కొత్త_టెస్టర్: మీరిద్దరూ పోట్లాడుకుంటుంటే నేనొక పని చేశాను. రిలే వేశాక అర సెకను ఆపాను. పాసైనా బ్రేక్ చేయకుండా మూడు రీడింగులూ ఫైల్‌లో రాయించాను. కొన్ని ఫెయిళ్ళు అర సెకనుతోనే పోయాయి. ఒక బోర్డు 3.18, 3.29, 3.29.

ఫర్‌లూప్_ఫణి: పిన్నే. నేను చెప్పలేదా?

మల్టీమీటర్_మామ: అర సెకను చాలలేదేమో. ఇంకొంచెం పెంచి చూడు.

కొత్త_టెస్టర్: ఇంకొకటి 3.19, 3.21, 3.19.

ఫర్‌లూప్_ఫణి: అది ఫెయిలే. పక్కన పెట్టెయ్. దీన్ని పంపమని నేనూ అనను.

మల్టీమీటర్_మామ: మీరు అనరు ఫణీ. అతని పాత లూప్ రెండోసారికే పాస్ అని బ్రేక్ అయ్యేది.