అందరి ముందు యోగా చేయించాలంటే గొంతు వణుకుతోంది, ఏ ప్రాణాయామం మేలు?

మాది హనుమకొండ. భద్రకాళి చెరువు గట్టున పొద్దున్నే ఆసనాలు వేసే మా చిన్న బృందం, జూన్ 21 యోగా దినోత్సవానికి ఆయుష్ మంత్రిత్వ శాఖ రూపొందించిన 45 నిమిషాల ఉమ్మడి యోగా క్రమాన్ని నన్నే చేయించమంటోంది. నాకూ చేయించాలనే ఉంది. ఆసనాల దగ్గర ఇబ్బంది లేదు, ఒంటికాలి మీద నిలిచే వృక్షాసనంలో కళ్లు మూసుకుని కూడా నిలబడగలను. నోరు తెరవాల్సి వస్తేనే చిక్కు.

ముందుకు వచ్చి నిలబడగానే అరచేతులకు చెమట పట్టి, శ్వాస ఛాతీ పైభాగంలోనే ఆడుతుంది. ప్రార్థన మొదటి వాక్యం దాటేలోగా గొంతు సన్నబడి వణుకుతుంది. రెండు మూడు నిమిషాలు అలా ఉండి, మెడ కదలికలు (గ్రీవా చాలనం) సగానికి వచ్చేసరికి దానంతటదే సర్దుకుంటుంది.

నాలుగు అంకెలు లెక్కిస్తూ పీల్చి, ఎనిమిది లెక్కిస్తూ వదలడం ఇంట్లో బాగానే కుదురుతోంది, గట్టు మీద లెక్కే తప్పుతోంది. తుమ్మెదలా ఝుంకరిస్తూ శ్వాస వదిలే భ్రామరి చేస్తే మనసు నెమ్మదిస్తుంది కానీ గొంతు మరీ మెత్తబడి వెనక వరుసకు వినిపించడం లేదు. పొట్ట లోపలికి లాగుతూ శ్వాసను వేగంగా బయటికి నెట్టే కపాలభాతి చేసి వెంటనే మాట్లాడితే గుండెదడ ఇంకా పెరిగింది. అక్క ముందు చేయించి చూశాను, ఆమె నవ్వు ఆపుకోలేదు. ఆస్తమా, బీపీ లేవు. ‘ధైర్యంగా ఉండు’ అన్న సలహా మాత్రం వద్దు, అది ఊరంతా ఉచితంగా ఇస్తోంది.

జనం ముందు యోగా చేయించే అలవాటున్నవారు చెప్పండి: మొదలుపెట్టే ముందు దొరికే పది నిమిషాల్లో ఏ ప్రాణాయామాలు, ఏ వరుసలో చేస్తే గొంతు వణకకుండా నిలుస్తుంది?