పాత పంప్ .22 రైఫిల్ కొనాలా, వద్దా?

బొబ్బిలి తమ్ముడు:
అన్నలందరికీ నమస్కారం. నాకు ఈమధ్యే .22 రైఫిల్‌కి, అంటే చిన్న తూటా రైఫిల్‌కి, లైసెన్సు వచ్చింది, ఇంకా ఏమీ కొనలేదు. విజయనగరంలో మా నాన్నగారి స్నేహితుడు ఒకాయన కాలం చేశారు. ఆయన వించెస్టర్ మోడల్ 62ని, అంటే ముందు చెక్క వెనక్కి లాగి తోసే పంప్ రైఫిల్‌ని, ఆయన కొడుకు లక్షా ఎనభై వేలకి ఇస్తానంటున్నాడు. కొత్త దేశీ బోల్ట్ రైఫిల్, అంటే పక్కనున్న పిడి తిప్పి లాగేది, తీసుకోమని మా అన్నయ్య పోరు. చీపురుపల్లి వైపు మాకు తోట ఉంది, పందుల బెడద కూడా ఉంది. ఏం చెయ్యమంటారు?

నాగావళి:
వద్దు తమ్ముడూ. మోడల్ 62ని 1932 నుంచి 1958 దాకా తయారు చేశారు. అంటే నువ్వు చూసినది ఎంత కొత్తదైనా అరవై అయిదేళ్లు దాటినదే. కాల్చిన తూటా తొడుగుని బయటకి లాగే ఎక్స్‌ట్రాక్టర్ విరిగిందంటే మన జిల్లాలో దానికి విడిభాగం దొరకదు, ఎవరో ఒకరు చేత్తో అరగదీసి పెట్టాలి. రిమ్‌ఫైర్‌లో, అంటే ఈ .22 లాంటి తూటాల్లో, నిప్పు పుట్టించే మందు తూటా అడుగు అంచులో ఉంటుంది, పిన్ను ఆ అంచు మీదే కొడుతుంది. ఖాళీ తుపాకీని టక్ టక్ మని నొక్కుతూ ఆడుకున్న ఇంట్లో పిన్ను పోయి నేరుగా ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) అంచుకి తగిలి అక్కడ సొట్ట పడుతుంది. తర్వాత తూటా సరిగా కూర్చోదు, ఒక్కోసారి పేలదు. ఆ సొట్ట ఫొటోలో కనపడదు. అంత డబ్బు పోసి ఆ టెన్షన్ దేనికి?

గజపతినగరం మాస్టారు:
నాగావళిగారు చెప్పిన సొట్ట నిజమే. కానీ అది చూసి తెలుసుకోగలిగిన లోపం. బోల్టు వెనక్కి లాగి టార్చి వేసి ఛాంబర్ నోరు చూడు. గొట్టంలో గుంటలున్నాయా చూడు, పాతకాలపు తూటాల మసి తుడవకుండా వదిలేస్తే ఇనుము తినేస్తుంది. రెండూ బాగుంటే నేనైతే కొంటాను. 1980ల నుంచి మామూలు లైసెన్సుదారుకి విదేశీ తుపాకీ దిగుమతి దారి దాదాపు మూసుకుపోయింది. ఇప్పుడు వదిలేస్తే మళ్లీ ఇలాంటిది ఎప్పుడు ఎదురుపడుతుందో! షార్ట్, లాంగ్, లాంగ్ రైఫిల్ అనే మూడు రకాల .22 తూటాలూ ఒకే గొట్టంలో నడుస్తాయి. మధ్యలో ఊడదీసి రెండు ముక్కలుగా సంచిలో పెట్టుకోవచ్చు. ఆ పనితనం మీద నాకు గౌరవం, దాచుకోను.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. తూటాలుండేది గొట్టం కింది ట్యూబులో. ఖాళీ చేశామనుకున్నా ఒకటి లోపల ఇరుక్కుని ఉండిపోవచ్చు. ట్యూబు లోపలి కడ్డీ పూర్తిగా బయటకి తీసి, పంప్ నాలుగైదుసార్లు లాగి, వేలితో ఛాంబర్ తడిమి చూడాలి. ఇంట్లో పిల్లలుంటే ఇది మరీ ముఖ్యం.

వంశధార:
ఇద్దరూ ఇనుము గురించే మాట్లాడుతున్నారు. నేను అడిగేది వేరు. పెద్దాయన పోయాక ఆ రైఫిల్ ఎక్కడుంది? కొడుక్కి లైసెన్సు లేకుండా బీరువాలో ఉందంటే అది నేరం, దాన్ని చూడ్డానికి కూడా వెళ్లొద్దు. ఆయుధాల చట్టం 21వ సెక్షను ప్రకారం పోలీస్ స్టేషన్లోనో లైసెన్సున్న గన్ షాపులోనో డిపాజిట్ చేయాలి. అలా చేసి ఉంటే, లైసెన్సున్నవాడికి అమ్మే హక్కు వారసుడికి ఆ సెక్షనే ఇస్తుంది. బతికున్న లైసెన్సుదారు నేరుగా అమ్మాలంటే 5వ సెక్షను. ముందుగా కలెక్టరుకో దగ్గరి స్టేషనుకో రాసివ్వాలి, నలభై అయిదు రోజులు ఆగాలి. బేగి తీసుకుపో అని తొందరపెట్టేవాడికి అడ్వాన్సు ఇవ్వకు.

2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే. ఆ రెండిట్లో ఒకటి దీనికి ఇచ్చేస్తావా, ఆలోచించుకో.

ఇంక పందుల మాట. తమ్ముడూ, దాన్ని మనసులోంచి తీసెయ్. .22 గుండు బరువు రెండున్నర గ్రాములు. పందికి తగిలితే చావదు, గాయంతో పొదల్లోకి పోయి రోజుల తరబడి బాధపడుతుంది, ఎదురొచ్చిన కూలీ మీద పడుతుంది. అనుమతి లేకుండా కొడితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు. ఆయుధాల చట్టంలోనే, 13వ సెక్షనులో, పంట కాపలాకి మజిల్ లోడర్ (గొట్టం మూతి నుంచి మందు దట్టించే తుపాకీ) పేరు రాశారు, .22ని రైఫిల్ క్లబ్బు సభ్యుడి గురి సాధనకి రాశారు.

నాగావళి:
గురి సాధనకే అయితే మాస్టారూ, పోటీల్లో పంప్ పనికిరాదు. యాభై మీటర్ల రైఫిల్ పోటీకి ఒక్కో తూటా పెట్టి కాల్చే బోల్ట్ రైఫిలే వాడతారు. కుర్రాడు క్లబ్బుకెళ్లి నేర్చుకోవాలంటే వాళ్ల అన్నయ్య మాటే సరైంది.

గజపతినగరం మాస్టారు:
పోటీకి వెళ్లేవాడైతే మీ మాటే ఒప్పు. సరదాగా డబ్బాలు కొట్టుకునేవాడికి మాత్రం నా మాట మార్చుకోను.

బొబ్బిలి తమ్ముడు:
రైఫిల్ గన్ షాపులోనే ఉందట, డిపాజిట్ రశీదు ఫొటో పంపాడు. ఈ ఆదివారం మాస్టారు చెప్పినట్టు టార్చితో చూసొస్తాను. తోటకి వేరే ఏర్పాటు చేసుకుంటాం. ఛాంబర్ బాగుంటే లక్షా నలభై అడుగుతాను, దిగకపోతే వదిలేస్తాను.

వంశధార:
రశీదు మీద నంబరు, రైఫిల్ మీద కొట్టిన నంబరు, పెద్దాయన లైసెన్సు పుస్తకంలో నంబరు మూడూ ఒకటేనా చూడు. ఒక్క అంకె తేడా ఉన్నా వెనక్కి వచ్చేయ్.